మాష్టారి అరుగు: కాలవ మూస్తే గాలి అందేదెట్లా?

బాలలారా!

మా వీధి చివర పాలు పోసే ఒక ముసలమ్మ ఉన్నది. నాకంటె మూడేళ్లు పెద్దది గనక ఆమెను నేను "అప్పా" అని పిలుస్తాను. చిన్నతనంలో పట్టుకున్న అడ్డపొగను ఆమె మొన్న మొన్నటి దాకా విడవలేదు. అడ్డపొగ అంటే ఏమిటో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పిల్లలకు చెప్పనక్కర లేదు. దూరపు ఊళ్లవారి కోసం చెబుతాను. చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోటి లోపల పెట్టుకొని పొగ పీలుస్తారు. గాలికి చుట్ట ఆరిపోదనీ, రెండు చేతులా పని చేసుకోవచ్చుననీ అంటారు. మగవారికంటె ఆడవారిలోనే ఈ అలవాటు హెచ్చు.

నిరుడు సంక్రాంతి వెళ్లాక అప్ప అంగిట్లో ఒక పుండు కనిపించింది. మూడు వారాలైనా మానలేదు. విజయనగరంలో డాక్టరు చూసి, విశాఖపట్నం పంపించాడు. అక్కడ పుండు అంచు నుంచి చిన్న ముక్క తీసి, సూక్ష్మదర్శిని కింద పరీక్షించి, కాన్సరు అని తేల్చారు. మన పెద్దలు రాచపుండు అనేది దీన్నే. ముందు శస్త్రచికిత్స చేసి కంతిని తీసివేశారు. కంటికి కనిపించని చెడ్డ కణాలు ఇంకా మిగిలి ఉంటే వాటిని చంపడానికి తరవాత ఎక్స్-రే కిరణాలు పెట్టారు. వారానికి అయిదు రోజుల చొప్పున ఆరు వారాలు, మొత్తం 30 సార్లు.

పోయిన ఆదివారం సాయంకాలం అప్ప పాలచెంబు పక్కన పెట్టుకొని మా అరుగు మీద కూర్చున్నది. ఎనిమిదో తరగతి చదివే మా మనుమరాలు కూడా అక్కడే ఉన్నది.

"ఒక మాట అడుగుతాను బాబూ," అన్నది అప్ప. "ఆ కిరణాలు ఎట్టినప్పుడు మొదట నొప్పీ నేదు, మంటా నేదు. రెండు వారాలు పోయినాక నోరంతా పూసీసింది. అంబలి కూడా దిగనేదు. ఆ ముప్పై సార్లదీ ఒక్కపాలే ఎట్టీకూడదేటి? నెలన్నర తిప్పినారు!"

ఆమె ఆసుపత్రి కాగితం తెప్పించి చూశాను. "60 గ్రే, 30 విడతలు" అని ఉన్నది. బియ్యానికి కిలో ఎట్లాగో, కిరణాల మోతాదుకు గ్రే అట్లాగు. అది ఒక మనిషి పేరు. ఆ మనిషి కనిపెట్టిన సంగతిలోనే అప్ప ప్రశ్నకు జవాబు ఉన్నది.

లూయీ హెరాల్డ్ గ్రే ఇంగ్లండు దేశపు భౌతిక శాస్త్రజ్ఞుడు. ప్రాణవాయువు, అనగా ఆక్సిజన్, బాగా అందే కణాలు కిరణాలకు సులువుగా చస్తాయనీ, అది అందని కణాలు మొండికెత్తి బతుకుతాయనీ ఆయనా, ఆయన తోటివారూ 1953లో విశదంగా చూపించారు. అటువంటి మొండి కణాన్ని చంపాలంటే రెండున్నర నుంచి మూడు రెట్ల మోతాదు కావాలి.

ఎందుచేత? కణం నడుమ దాని బతుకంతా రాసి ఉన్న సన్నని పోగు ఒకటి ఉంటుంది. దాన్ని డి.ఎన్.ఎ. అంటారు. కిరణాలు ఆ పోగును తెంపుతాయి. కాని కణం ఊరుకోదు. తెగిన తాడును మనం ముడి వేసుకున్నట్టు, ఆ పోగును అది మళ్లీ అతుక్కోవాలని చూస్తుంది. అక్కడ ప్రాణవాయువు ఉంటే తెగిన కొసల్ని పట్టుకొని అతుకు పడకుండా చేస్తుంది. అప్పుడు కణం చస్తుంది. కిరణం కత్తి అయితే, ప్రాణవాయువు ఆ కత్తికి పదును అన్నమాట.

1955లో గ్రే, టామ్లిన్సన్ అనే డాక్టరూ కలిసి ఊపిరితిత్తుల కాన్సరు ముక్కల్ని పలుచగా కోసి చూశారు. రక్తనాళాలకు దగ్గరగా ఉన్న కణాలు బతికి ఉన్నాయి. దూరంగా, మిల్లీమీటరులో అయిదో వంతు దాటిన చోట, కణాలు చచ్చి పడి ఉన్నాయి. రక్తనాళం నుంచి ప్రాణవాయువు అంతకంటె దూరం పోలేదు. ఈ రెంటికీ నడుమ, అరకొర గాలితో కొన ఊపిరి మీద ఉన్నవే ఆ మొండి కణాలు.

"అందుకే అప్పా, విడతలు," అన్నాను. "మొదటి విడతలో గాలి బాగా అందే కణాలు చస్తాయి. వాటి వాటా గాలి లోపలి వాటికి అందుతుంది. అందగానే వాటి మొండితనం పోతుంది. మరునాటి విడతకు అవి దొరుకుతాయి. ఈలోగా నీ మంచి కణాలు రాత్రికి రాత్రి కొంత కోలుకుంటాయి. అరవై గ్రేలూ ఒక్కసారే పెడితే కంతితోబాటు నీ నోరు కూడా మిగలదు."

"అలాగేటి!" అన్నది అప్ప. "మరి ఈ మాట అక్కడెవరూ సెప్పనేదు."

ఇంతసేపూ మా మనుమరాలు గడ్డం కింద చెయ్యి పెట్టుకొని వింటున్నది. "తాతా, నేను ఇంకొక మందు సంగతి చదివాను. కంతికి రక్తం తెచ్చే నాళాల్ని మూసి, దాన్ని ఆకలితో మాడ్చే మందు ఉన్నదిట. దాన్నీ కిరణాలనూ కలిపి ఇస్తే ఇంకా మంచిదిట. అది నిజమేనా?" అన్నది.

ఆ మందు కథ మన ఊరి నుంచి చాలా దూరాన, అమెరికాలోని బోస్టన్ నగరంలో మొదలయింది. అక్కడి పిల్లల ఆసుపత్రిలో జూడా ఫోక్‌మన్ అనే శస్త్రవైద్యుడు ఉండేవాడు. కంతి ఆవగింజంత అయ్యేదాకా చుట్టుపక్కల నుంచి ఊరే ఆహారంతోనే బతుకుతుందనీ, అంతకు మించి పెరగాలంటే దానికి సొంత రక్తనాళాలు కావాలనీ 1971లో ఆయన రాశాడు. కంతి ఏదో పదార్థాన్ని వదిలి, పక్కనున్న నాళాల్ని తనవైపు పిలుచుకుంటుందనీ, ఆ పిలుపును ఆపగలిగితే కంతి పెరగలేదనీ ఆయన వాదం. అప్పటి పండితులు చాలామంది ఆ మాట నమ్మలేదు. ఆయన విసుగు చెందకుండా పని చేసుకుపోయాడు. 1989లో ఫెరారా అనే శాస్త్రజ్ఞుడూ, ఆయన తోటివారూ అటువంటి పిలుపు పదార్థాల్లో ముఖ్యమైనదాన్ని వేరుచేసి చూపించారు. దాన్ని పొట్టిగా వి.ఇ.జి.ఎఫ్. అంటారు. దాన్ని పట్టి బంధించే మందు పేరు బెవసిజుమాబ్. 2004లో అమెరికా ప్రభుత్వం పెద్దపేగు కాన్సరుకు ఇతర మందులతో కలిపి దాన్ని వాడడానికి అనుమతించింది. ఫోక్‌మన్ 2008లో చనిపోయాడు. తన మాట నిజం కావడం ఆయన కళ్లారా చూశాడు.

ఇంతవరకు చెప్పి, మంచినీళ్లు తాగుదామని చెంబు అందుకున్నాను. మనుమరాలు నా చెయ్యి పట్టుకున్నది.

"ఆగు తాతా! ఇందాక నువ్వేం చెప్పావు? గాలి లేకపోతే కిరణం పని చెయ్యదన్నావు. ఆ గాలి వచ్చేది రక్తంలోనే కదా? నాళం మూస్తే ఆకలీ పుడుతుంది, గాలీ ఆగిపోతుంది. అప్పుడు కణాలు మొండివవుతాయి. మరి రెండు వైద్యాలూ ఒకదానికొకటి అడ్డం కావా?"

పిల్లలూ, నేను ఎన్నో ఏళ్లు పాఠాలు చెప్పాను. ఇంత సూటి ప్రశ్న ఎక్కువసార్లు వినలేదు. ఈ ప్రశ్నే పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులను కూడా ఆపింది. అయితే ఎలుకల మీద చేసిన పరీక్షల్లో ఒక వింత కనిపించింది. నాళాల్ని అడ్డే మందు ఇచ్చి కిరణాలు పెడితే, కొన్నిసార్లు కంతి ఇంకా బాగా తగ్గింది. అట్లా ఎందుకు జరిగింది?

దీనికి ఒక మంచి సమాధానం చెప్పినవాడు మన దేశంలో చదువుకున్నవాడే. రాకేశ్ జైన్ అనే ఆయన కాన్పూరు ఐ.ఐ.టి.లో రసాయన ఇంజనీరింగు చదివి, పిమ్మట బోస్టన్‌లో కాన్సరు పరిశోధకుడయాడు. గొట్టాల్లో నీరు ఎట్లా పారుతుందో లెక్క కట్టే ఇంజనీరు కంటితో ఆయన కంతి నాళాల్ని చూశాడు. 2001లో తన ఆలోచన ప్రకటించాడు. దాన్ని మన కాలవ భాషలో చెబుతాను.

తోటపల్లి కాలవ కింద పొలం ఉన్న పిల్లలు నేను చెప్పబోయేది చూసే ఉంటారు. బోదె గట్టు బాగుంటే నీరు చివరి మడి దాకా పోతుంది. గట్టుకు పదిచోట్ల గండ్లు పడితేనో? పక్కన బురద అవుతుంది. చివరి మడి ఎండుతుంది. కాలవలో నీరున్నా మడికి అందదు. కంతి నాళాలు ఇటువంటి గండి పడ్డ బోదెలు. కంతి తొందరపడి పిలవడంచేత అవి వంకరటింకరగా, సందులతో పెరుగుతాయి. రక్తంలోని నీరు బయటికి కారి, కంతిలో ఒత్తిడి పెంచి, నాళాల్నే నొక్కుతుంది. అందుచేత నాళాలు ఎన్ని ఉన్నా చాలా కణాలకు గాలి అందదు.

ఇప్పుడు నాళాల్ని అడ్డే మందు తగుమాత్రంగా ఇచ్చారనుకోండి. బొత్తిగా పనికిరాని నాళాలు ముడుచుకుపోతాయి. మిగిలినవి గట్టిపడి, గండ్లు పూడి, తిన్ననవుతాయి. కొద్ది రోజులపాటు రక్తం మునుపటికంటె బాగా పారుతుంది. గాలి లోపలిదాకా పోతుంది. సరిగ్గా ఆ రోజుల్లో కిరణాలు పెడితే కత్తికి పదును వచ్చినట్టే. మందు ఇంకా సాగిస్తే ఆ మిగిలిన నాళాలు కూడా మూసుకుపోవచ్చు. అప్పుడు మనుమరాలు భయపడినట్టే అవుతుంది. మెదడులో కంతి పెట్టిన ఎలుకల మీద 2004లో జైన్ బృందం పరీక్ష చేసి, ఈ మంచిరోజులు కొద్దిగానే ఉంటాయనీ, కిరణాలు అప్పుడు పెడితేనే ఎక్కువ ఫలితమనీ చూపించింది. నారుకు నీరు పెట్టే వేళ ఉన్నట్టే దీనికీ ఒక వేళ ఉన్నది.

రెండో దారి ఒకటి ఉన్నది. ఇది కొత్త నాళాలు రాకుండా ఆపేది కాదు. ఉన్న నాళాల్నే కొద్ది గంటల్లో కూల్చేది. దక్షిణాఫ్రికాలో పెరిగే ఒక చెట్టు నుంచి కాంబ్రెటాస్టాటిన్ అనే పదార్థాన్ని తీశారు. ఆ చెట్టు మన కరక్కాయ, తాని, మద్ది చెట్ల కుటుంబానిదే. (అందుచేత కరక్కాయ తింటే కాన్సరు పోతుందని ఎవరూ అనుకోకండి. కుటుంబం ఒకటైనంత మాత్రాన గుణం ఒకటి కాదు.) ఇటువంటి మందు కంతి నడిబొడ్డును ఎండగడుతుంది. కాని అంచున ఉన్న కణాలు పక్కనున్న మంచి నాళాల నుంచి గాలి తీసుకొని బతికిపోతాయి. గాలి బాగా అందే ఆ అంచునే కిరణాలు సులువుగా చంపుతాయి. నడుమను మందు, అంచును కిరణం! లెక్క ఎంతో అందంగా ఉన్నది. అయినా ఈ మందు ఇంకా పరిశోధనలోనే ఉన్నది గాని, ఆసుపత్రుల్లో వాడుకకు రాలేదు.

"ఎలకలకు బాగున్నాది. మరి మనుసులకో?" అన్నది అప్ప. పాలు కొలిచే మనిషి గదా, కొలత తేలనిదే వదలదు.

అది చెప్పకపోతే నేను సగం పాఠం చెప్పినవాణ్ణి అవుతాను. మెదడులో వచ్చే ఒక క్రూరమైన కాన్సరు మీద బెవసిజుమాబ్‌నూ కిరణాలనూ కలిపి రెండు పెద్ద పరీక్షలు చేశారు. ఒకదానిలో 921 మంది రోగులు, రెండోదానిలో 637 మంది. అందరికీ కిరణాలూ, మామూలు మందూ ఇచ్చారు. సగం మందికి వాటితోబాటు బెవసిజుమాబ్ ఇచ్చారు, తక్కినవారికి ఉత్త ద్రవం ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. ఆశ కొలతను పాడుచెయ్యకుండా ఉండడానికి ఇట్లా చేస్తారు. ఫలితాలు 2014లో వచ్చాయి. కొత్త మందు తీసుకున్నవారిలో కంతి మళ్లీ పెరగడం కొన్ని నెలలు ఆలస్యమైనట్టు కనబడింది. కాని ఆయుర్దాయం పెరగలేదు. మొదటి పరీక్షలో రెండు జట్లవారూ రమారమి 17 నెలలే బతికారు. పైగా ఈ మందువల్ల కొందరికి రక్తపు పోటు పెరగడం, రక్తస్రావం కావడం, గాయాలు ఆలస్యంగా మానడం వంటి బాధలు కలిగాయి.

అయితే ఆ మందు వృథా అనుకోకూడదు. పెద్దపేగు వంటి కొన్ని అవయవాల కాన్సర్లలో ఇతర మందులతో కలిపి దాన్ని ఇప్పటికీ వాడుతున్నారు. కిరణాలతో ఎప్పుడు కలపాలి, ఎంత కలపాలి, ఎవరికి కలపాలి అన్నది మాత్రం ఇంకా వెతుకుతున్నారు. ఒక మనిషి కంతిలో ఆ "మంచిరోజులు" ఎప్పుడు వస్తాయో బయటి నుంచి కనిపెట్టడం సులువు కాదు. ఎలుకల్లో కుదిరిన లెక్క మనిషిలో కుదిరేదాకా దాన్ని ఆశ అనాలి గాని వైద్యం అనకూడదు.

"అందుకే నీకు ఆ మందు ఇవ్వలేదు అప్పా," అన్నాను. "నీ నోటి కాన్సరుకు కోత, కిరణాలు మేలు చేస్తాయని రుజువున్నది. కిరణాలతో ఈ మందు కూడా కలపాలనడానికి అటువంటి రుజువు లేదు. నీకు తక్కువ చేసి కాదు."

అప్ప కొంతసేపు మాట్లాడలేదు. తరవాత నడుము దగ్గర కోక మడత విప్పి, ఒక చుట్ట తీసి అరుగు మీద పెట్టింది. వెలిగించని చుట్ట. "కాల్చను బాబూ. ఊరకే ఉంచుకున్నాను. వాసన సూత్తాను," అన్నది. మళ్లీ తనే అన్నది: "నాది సరే. మా కోడలు కూడా అడ్డపొగే. దాని అంగిట్లో తెల్లగా మచ్చ ఉన్నాది. నొప్పి నేదంటాది."

ఇంతసేపూ బోస్టన్ సంగతులు చెప్పిన నాకు, మా వీధి సంగతి అప్పుడు తెలిసింది.

బాలలారా, ఈ జబ్బు కథలో మన జిల్లాల పేరు ప్రపంచానికి ఎప్పుడో తెలుసు. కోస్తా ఆంధ్రలో అంగిటి కాన్సరుకు అడ్డపొగే కారణమని 1957లోనే మన వైద్యులు వ్యాసం రాశారు. మన రాష్ట్రపు పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించి, అడ్డపొగవల్ల అంగిట్లో కలిగే మార్పుల్ని 1971లో ప్రకటించారు. తరవాత కేరళలోని ఎర్నాకుళం, గుజరాతులోని భావనగర్, మన శ్రీకాకుళం జిల్లాల్లో పొగాకు వాడే 36 వేల మందిని ఎన్నుకొని, ఇంటింటికీ పోయి అలవాటు మానమని చెప్పారు. ఆ ఫలితాలు 1986లో వచ్చాయి. మానినవారిలోనూ, తగ్గించినవారిలోనూ, కాన్సరుకు ముందు వచ్చే నోటి మచ్చలు తగ్గాయి. ఆ పనికి యంత్రం లేదు, మందు లేదు. చెప్పే నోరూ, వినే చెవీ ఉన్నాయి, అంతే.

కంతికి ఆకలి పెట్టాలా, గాలి ఇవ్వాలా అని పెద్దలు ఇంకా తర్కిస్తూనే ఉన్నారు. ఆ తర్కం ఆగకూడదు. మీలో ఎవరో ఒకరు రేపు దాన్ని తేల్చవచ్చు. కాని చుట్ట ఆర్పడానికి ఏ తర్కమూ అక్కర లేదు.

మీరు చేయవలసిన పని ఒకటి చెబుతాను. మీ ఇంట్లో మామ్మగాని, అత్తగాని అడ్డపొగ తాగితే కోప్పడకండి. ప్రేమగా అడిగి, పగటి వెలుతురులో వారి నోరు తెరిపించి చూడండి. అంగిట్లోగాని, బుగ్గ లోపలగాని, నాలుక మీదగాని తెల్లని, ఎర్రని మచ్చ ఉన్నా, రెండు వారాల్లో మానని పుండు ఉన్నా, నొప్పి లేకపోయినా, డాక్టరు దగ్గరికి తీసుకుపొమ్మని మీ నాన్నగారికి చెప్పండి. విశాఖపట్నం దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ సంస్థవారి హోమీ భాభా కాన్సరు ఆసుపత్రి ఉన్నది. త్వరగా కనిపెడితే కోత చిన్నది, బాధ తక్కువ, బతికే ఆశ ఎక్కువ.

సోమవారం పొద్దున అప్ప, కోడలు, మా మనుమరాలి అమ్మ కలిసి విజయనగరం బస్సు ఎక్కారు. కోడలి నోరు చూసిన డాక్టరు, మచ్చ నుంచి ముక్క తీసి పరీక్షకు పంపాడు. ఈ కాగితం రాసేనాటికి ఫలితం రాలేదు. చుట్ట మాత్రం ఇంకా మా అరుగు గూట్లోనే ఉన్నది. అప్ప రోజూ పాలు పోసేటప్పుడు దానివైపు ఒకసారి చూసి వెళ్లిపోతున్నది.

చేసి చూడండి: ఒక పచ్చి బంగాళదుంపను పెద్దవారి చేత రెండు ముక్కలు కోయించండి. ఒకటి నిమ్మకాయంత, ఒకటి శనగగింజంత. రెంటినీ నీలిసిరా కలిపిన నీళ్లలో గంటసేపు ఉంచండి. తీసి, నడిమికి కోయించి చూడండి. ఏ ముక్కలో రంగు నడుమకు దగ్గరగా పోయింది? ఏ ముక్కలో అంచునే ఆగింది? ఆవగింజంత కంతికి అక్కర లేని నాళాలు పెద్ద కంతికి ఎందుకు కావాలో మీకే తెలుస్తుంది. చూసినది బొమ్మ గీసి ఉంచుకోండి. ఆ ముక్కల్ని మాత్రం తినకండి.

వచ్చే నెల మళ్లీ అరుగు మీద కలుసుకుందాం.

మీ మాష్టారు